కొత్త టైర్లు వేయించాక కూడా వానలో బండి వెనక భాగం ఎందుకు తిరిగిపోయింది?

బండిలో మీతో పాటు పిల్లలు కూడా ఉన్నారని రాశారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఆ క్షణానికి పక్క లేన్‌లో ఏ బండీ లేదు అన్న వాక్యం దాకా వచ్చాకే నేను ఊపిరి పీల్చుకున్నాను.

మీరు చెప్పినదాన్ని ఒకసారి వరసలో పెడతాను, ఎందుకంటే జవాబు చాలావరకు అందులోనే ఉంది. పెద్ద రోడ్డు మీద గంటకు సుమారు 90 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నారు. వాన అప్పటికి తగ్గుముఖం పట్టింది. కొద్దిపాటి మలుపు దగ్గర డివైడర్ పక్కన నిలిచిన నీళ్ళలోకి బండి వెళ్ళింది. స్టీరింగ్ చేతిలో ఒక్కసారిగా తేలికైపోయింది. మీరు బ్రేక్ గట్టిగా తొక్కారు. పెడల్ టకటకా కొట్టుకుంది గానీ వేగం తగ్గలేదు. వెనక భాగం పక్క లేన్ వైపు తిరిగి, నీళ్ళు దాటాక సర్దుకుంది. బండికి ఏబీఎస్ (బ్రేక్ గట్టిగా తొక్కినా చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటు) ఉంది, ముందు రెండు టైర్లు రెండు నెలల కిందటే కొత్తవి వేయించారు. ఆ తర్వాత ఒక మెకానిక్ "గాలి కొంచెం తగ్గించి నడపండి, వానలో గ్రిప్ పెరుగుతుంది" అన్నాడు. అది నిజమేనా, తప్పు ఎక్కడ జరిగింది, మళ్ళీ వానలో బండి తీయాలంటే చేతులు వణుకుతున్నాయి, ఏం చేయాలి అని అడిగారు.

నేను 22 ఏళ్ళుగా డ్రైవింగ్ నేర్పుతున్నాను. అంతకుముందు కొన్నేళ్ళు టైర్ల పని చేశాను. ముందు గాలి సంగతి చెప్పేస్తాను: తగ్గించకండి. ఇప్పటికే తగ్గించి ఉంటే ఈ రోజే సరిచేయించండి. ఎందుకో అర్థం కావాలంటే టైరు కింద ఏం జరుగుతుందో చూడాలి.

కారు ఎంత పెద్దదైనా ఒక్కో చక్రం రోడ్డును తాకే చోటు దాదాపు మన అరచేయంత. బ్రేకు, మలుపు, పికప్ అన్నీ ఆ నాలుగు అరచేతుల మీదే ఆధారపడి ఉంటాయి. రోడ్డు మీద నీళ్ళుంటే, రబ్బరు రోడ్డును తాకే ముందు ఆ నీళ్ళు పక్కకి తప్పుకోవాలి. టైరు మీద గాడులు ఉన్నది అందుకే. ఒక లెక్క వేసి చూడండి. టైరు వెడల్పు 20 సెంటీమీటర్లు, రోడ్డు మీద నీళ్ళు 3 మిల్లీమీటర్లు, వేగం 90 అనుకుందాం. 90 అంటే సెకనుకు 25 మీటర్లు. ఆ లెక్కన ముందు టైరు ఒక్కొక్కటీ ప్రతి సెకనుకూ 15 లీటర్ల నీళ్ళు, అంటే సుమారు ఒక బకెట్టెడు, పక్కకి నెట్టాలి. టైరు రోడ్డును తాకే చోటు పొడవు 15 సెంటీమీటర్లే అనుకుంటే, ఆ పని చేయడానికి దానికి దొరికే సమయం సెకనులో వెయ్యి భాగాలు చేస్తే అందులో ఆరు.

నీళ్ళు తప్పుకోలేకపోతే టైరు ముందు చీలలా పోగై కిందికి దూరతాయి. మొదట టైరు ముందు అంచు పైకి లేస్తుంది, వెనక అంచు ఇంకా రోడ్డును పట్టుకునే ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ నీళ్ళు ఇంకా లోపలికి చొచ్చుకుపోయి, చివరికి రబ్బరు మొత్తం నీళ్ళ మీదే ఉంటుంది. దీన్నే హైడ్రోప్లేనింగ్ అంటారు, కొందరు ఆక్వాప్లేనింగ్ అంటారు. ఇది ఒక్కసారిగా జరిగినట్టు మనకు అనిపిస్తుంది గానీ, నిజానికి పట్టు అంతకుముందు నుంచే కొంచెం కొంచెంగా పోతూ ఉంటుంది. తిన్నగా వెళ్తున్నంతసేపు ఆ సంగతి మనకు తెలియదు. మలుపులోనో బ్రేక్ వేసినప్పుడో బయటపడుతుంది. మీ విషయంలో ఆ రెండూ కలిసి వచ్చాయి.

నీళ్ళు టైరును పైకి నెట్టే ఒత్తిడి వేగానికి వర్గంలో పెరుగుతుంది. 60 నుంచి 90కి వెళ్తే వేగం ఒకటిన్నర రెట్లే అయింది, కానీ నీటి ఒత్తిడి రెండుంబావు రెట్లయింది. అదే రోడ్డు, అవే నీళ్ళు, 60లో ఏమీ తెలియకుండా దాటిపోతాం, 90లో బండి తేలిపోతుంది. "ఇదే దారిలో వానలో ఎన్నోసార్లు వెళ్ళాను, ఎప్పుడూ ఇలా కాలేదు" అని మీరు రాశారు. ఆ ఎన్నోసార్లలో వేగం పదో పదిహేనో తక్కువ అయి ఉంటుంది, లేదా వెనక టైర్లు ఇప్పటికంటే కొత్తవి అయి ఉంటాయి.

ఇప్పుడు గాలి. అమెరికాలో నాసా పరిశోధకుడు వాల్టర్ హోర్న్ విమానాల టైర్ల మీద పరిశోధన చేసి, 1963లో రాబర్ట్ డ్రెహర్‌తో కలిసి ఒక నివేదిక వెలువరించారు. తడి రన్‌వే మీద టైరు ఏ వేగంలో పూర్తిగా తేలుతుందో అందులో ఒక సూత్రం ఉంది. అది చాలా చిన్నది: టైరులోని గాలి ఒత్తిడికి వర్గమూలం కట్టి ఒక స్థిరసంఖ్యతో గుణించడమే. మన లెక్కల్లో చెప్పాలంటే, పీఎస్‌ఐకి (టైరులో గాలి ఒత్తిడిని చెప్పే అంకెకు) వర్గమూలం కట్టి 16.6తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. 36 పీఎస్‌ఐ ఉంటే వర్గమూలం 6, అంటే సుమారు 100 కిలోమీటర్లు. అదే టైరులో గాలి 25కి దిగిపోతే వర్గమూలం 5, అంటే సుమారు 83. టైరు మారలేదు, రోడ్డు మారలేదు, గాలి తగ్గినందుకే 17 కిలోమీటర్లు ముందుగా బండి తేలిపోతోంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ సూత్రం, గాడుల లోతు కంటే నీళ్ళు ఎక్కువగా ఉన్నప్పుడు టైరు పూర్తిగా తేలే వేగాన్ని చెప్తుంది. కారు టైరుకు పట్టు అంతకంటే బాగా ముందు నుంచే తగ్గడం మొదలవుతుంది. కాబట్టి 36 పీఎస్‌ఐ ఉంది కదా, 99 దాకా భయం లేదు అనుకోకూడదు. టైరులో గాలి పెరిగితే, తగ్గితే ఏమవుతుందో తెలుసుకోవడానికే ఆ లెక్క.

గాలి తగ్గితే ఇంకో నష్టం కూడా ఉంది. టైరు మధ్యభాగం లోపలికి కుంగి, బరువంతా రెండు అంచుల మీద పడుతుంది. గాడులు కొంచెం మూసుకుపోతాయి. నీళ్ళు బయటికి పోవలసిన దారే ఇరుకైపోతుంది. పొడి ఇసుకలో బండి కూరుకుపోయినప్పుడు గాలి తగ్గిస్తే బయటపడుతుంది, అది నిజమే. ఆ మెకానిక్ ఆ అనుభవంతోనే చెప్పి ఉంటాడు, చెడు ఉద్దేశం ఏమీ ఉండదు. కానీ నీళ్ళలో ఆ లెక్క తిరగబడుతుంది. అలాగని కంపెనీ చెప్పినదానికంటే ఎక్కువ కొట్టించడమూ వద్దు, పొడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది, మధ్యభాగం త్వరగా అరుగుతుంది. డ్రైవర్ తలుపు తీస్తే ఆ పక్కన స్టిక్కర్ మీద, కొన్ని బండ్లలో పెట్రోల్ మూత లోపల, అంకె రాసి ఉంటుంది. అదే మీ అంకె. టైరు మీద పోతపోసిన అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం, దాన్ని చూసి గాలి కొట్టించకండి. ఉదయం బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ బండి వెనక భాగం తిరగడానికి పెద్ద కారణం ఆ కొత్త టైర్లు ముందు ఉండటం.

ఇది వినగానే చాలామంది ఒప్పుకోరు. స్టీరింగ్ తిప్పితే పక్కకి తిరిగేవి ముందు చక్రాలే, చాలా కార్లలో ఇంజన్ లాగేదీ ముందు చక్రాలనే, బ్రేకు భారం ఎక్కువగా పడేదీ వాటి మీదే, కాబట్టి మంచివి ముందే ఉండాలి కదా అంటారు. టైర్ల పనిలో ఉన్న రోజుల్లో నేనూ అలాగే వేసేవాణ్ణి. అది తప్పని తర్వాత నేర్చుకున్నాను. ముందు టైర్లు తేలిపోతే బండి తిరగనంటుంది, తిన్నగా పోతుంది. భయమేస్తుంది, కానీ యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే వేగం తగ్గి టైర్లు మళ్ళీ రోడ్డును అందుకుంటాయి. స్టీరింగ్ తేలికైనప్పుడు "ఏదో తేడాగా ఉంది" అని మన చేతికి ముందే కబురు అందుతుంది. వెనక టైర్లు తేలితే అలాంటి కబురేమీ ఉండదు. ముందు టైర్లు గట్టిగా పట్టుకుని ఉంటాయి, వెనక భాగం మాత్రం పక్కకి పోతుంది, బండి బొంగరంలా తిరుగుతుంది. దాన్ని సర్దడానికి ఎంతో అనుభవం ఉన్నవాళ్ళకే ఒక సెకను కూడా దొరకదు.

నాలుగు టైర్లూ ఒకేలా ఉంటే, తిన్నటి దారిలో ముందు టైర్లు కొన్ని నీళ్ళను తప్పించేస్తాయి, వెనక టైర్లకు పని తేలికవుతుంది. మలుపులో వెనక చక్రాలు సరిగ్గా ముందు చక్రాల జాడలో నడవవు, కాబట్టి వాటికి ఆ సాయం తగ్గిపోతుంది. మీది మలుపు, వెనకవి అరిగిన టైర్లు. ముందు టైర్లు ఒక్క క్షణం తేలి, కొత్తవి కాబట్టి వెంటనే పట్టు అందుకున్నాయి. అదే క్షణంలో వెనకవి పూర్తిగా నీళ్ళ మీద ఉన్నాయి. పైగా బ్రేక్ తొక్కడంతో బరువు ముందుకు వాలి వెనక భాగం ఇంకా తేలికైంది. మీరు రాసినదాన్ని బట్టి నాకు ఇలాగే అనిపిస్తోంది.

మేము తడిపిన మైదానంలో శిక్షణ ఇచ్చేటప్పుడు ఇది ఒకే బండితో చూపిస్తాం. అరిగిన టైర్లు ముందు పెట్టి ఒక రౌండ్, వెనక పెట్టి ఒక రౌండ్, వేగం రెండింటిలోనూ ఒకటే. మొదటి రౌండులో నేర్చుకునేవాళ్ళు వెడల్పుగా తిరిగినా మలుపు దాటేస్తారు. రెండో రౌండులో దాదాపు అందరి బండీ వెనక్కి తిరిగి నిలబడుతుంది. దిగాక వాళ్ళ ముఖాలు చూస్తే, ఇక జన్మలో మర్చిపోరని తెలుస్తుంది. పెద్ద టైరు కంపెనీలు చెప్పేదీ ఇదే: రెండే కొత్తవి కొంటే అవి వెనక్కి వెళ్ళాలి, వెనక ఉన్నవి ముందుకు రావాలి. అసలు ఈ చిక్కు రాకుండా ఉండాలంటే ప్రతి 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకు టైర్లను ముందూ వెనకా మార్పిస్తూ, నాలుగూ సమంగా అరిగేలా చూసుకుని, నాలుగూ ఒకేసారి కొనడం మంచిది.

టైర్ల లోతు గురించి. కొత్త కారు టైరులో గాడుల లోతు సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. చాలా దేశాల చట్టాలు 1.6 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటాయి. ఆ లోతు తెలియడానికి గాడుల అడుగున అడ్డంగా చిన్న దిమ్మెల్లాంటివి ఉంటాయి, అవి పైభాగంతో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. టైరు పక్క గోడ మీద చిన్న త్రికోణం గుర్తో, టీడబ్ల్యూఐ అన్న అక్షరాలో కనిపించిన చోట ఆ దిమ్మె ఉంటుంది. చట్టం ఒప్పుకుంటుంది కదా అని వానాకాలంలో అక్కడిదాకా అరగనివ్వకండి. సెకనుకు 15 లీటర్ల నీళ్ళను తప్పించాల్సిన కాలువ అది, లోతు పోయేకొద్దీ నీళ్ళకు చోటు లేకుండా పోతుంది. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళందరికీ నేను చెప్పేది 3 మిల్లీమీటర్లు. అక్కడికి వచ్చిందంటే వానల్లో దూరప్రయాణం ఆ టైర్ల మీద పెట్టుకోవద్దు. లోతు కొలిచే చిన్న గేజ్ దొరుకుతుంది, ఒకటి బండిలో ఉంచుకోండి. లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడు చోట్లా కొలవాలి. అలైన్‌మెంట్ (చక్రాలు తిన్నగా ఉండేలా చేసే అమరిక) తేడా ఉన్న బండ్లలో లోపలి అంచు పూర్తిగా అరిగిపోయి, బయటినుంచి చూస్తే టైరు బాగానే కనిపిస్తుంది. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి ఉంచితే ముందు టైర్ల లోపలి అంచు కనబడుతుంది. వెనకవాటికి వంగి చూడాల్సిందే.

గాడులున్నా వయసు మీరిన టైరు తడిలో పనికిరాదు, రబ్బరు గట్టిపడిపోతుంది. పక్క గోడ మీద డీఓటీ అన్న అక్షరాలతో మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెప్తాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. బాణం గుర్తున్న టైర్లు ఆ బాణం దిక్కునే తిరగాలి, తిరగేసి బిగిస్తే గాడులు నీళ్ళను బయటికి తోయాల్సింది పోయి మధ్యలోకి తోస్తాయి. అందం కోసం కంపెనీ సైజు కంటే వెడల్పు టైర్లు వేయిస్తుంటారు. వెడల్పు పెరిగితే తప్పించాల్సిన నీళ్ళూ పెరుగుతాయి, తడిలో అవి ముందుగా తేలతాయి.

మీ బ్రేక్ ఎందుకు పనిచేయలేదో చెప్తాను. పాడవలేదు, పనిచేసింది. ఏబీఎస్ ఉన్న పట్టును జాగ్రత్తగా వాడుతుందే తప్ప లేని పట్టును తెచ్చిపెట్టలేదు. నీళ్ళ మీద తేలుతున్న చక్రాన్ని రోడ్డు తిప్పడం లేదు, ముందు చేరిన నీళ్ళు దాన్ని ఆపుతుంటాయి. బ్రేక్ కొంచెం తగిలినా ఆగిపోతుంది. చక్రం లాక్ అయిందని ఏబీఎస్ బ్రేకు వదులుతుంది, మళ్ళీ పడుతుంది, మళ్ళీ వదులుతుంది. పెడల్ టకటకా కొట్టుకున్నది అందుకే. నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే బండ్లకూ ఇదే వర్తిస్తుంది, బురదలో లాగడానికి ఆ ఏర్పాటు గొప్పదే గానీ నీళ్ళ మీద తేలే టైరుకు అది ఏమీ చేయలేదు.

మళ్ళీ అలా జరిగితే ఏం చేయాలి? మొదటి గుర్తులు పట్టుకోండి. స్టీరింగ్ తేలికవుతుంది. ముందు చక్రాలు లాగే బండి అయితే వేగం పెరగకుండానే ఇంజన్ శబ్దం పెరుగుతుంది. ఒక పక్క టైర్లే నీళ్ళలో ఉంటే బండి అటువైపు గుంజుతుంది. వెంటనే యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీయండి, విదిలించినట్టు కాదు. గేర్ల బండి అయితే క్లచ్ తొక్కండి. చక్రాలు ఇంజన్ లాగుడు లేకుండా, బండి వేగంతో సమంగా తిరుగుతూ ఉంటే రోడ్డు తగిలినప్పుడు కుదుపు ఉండదు. ఆటోమేటిక్ అయితే గేర్ లివర్ జోలికి పోకండి, కాలు తీస్తే చాలు. బ్రేక్ వద్దు. స్టీరింగ్ బండి వెళ్తున్న దిక్కుకే పట్టుకోండి. ఇది అన్నిటికంటే కష్టం, ఎందుకంటే బండి తిరగడం లేదని చెయ్యి ఇంకా ఇంకా తిప్పాలని చూస్తుంది. అలా తిప్పి ఉంచారనుకోండి, నీళ్ళు దాటగానే ఆ వంకర చక్రాలు ఒక్కసారిగా రోడ్డును పట్టుకుని బండిని పక్కకి విసిరేస్తాయి. నేను చూసిన ఇలాంటి ప్రమాదాల్లో చాలావరకు బండి నీళ్ళలో ఉండగా జరిగినవి కావు, నీళ్ళు దాటిన మరుక్షణం జరిగినవి.

వెనక భాగం తిరగడం మొదలైతే మాత్రం, మీరు వెళ్ళాల్సిన చోటునే చూస్తూ స్టీరింగ్ మెల్లగా అటే తిప్పండి. అంటే వెనక భాగం కుడికి పోతుంటే స్టీరింగ్ కుడికి. సర్దుకోగానే అంతే త్వరగా తిన్నగా తెచ్చేయండి. డివైడర్‌ని చూస్తే చెయ్యి డివైడర్ వైపే పోతుంది, కాబట్టి చూపు ఖాళీ రోడ్డు మీద ఉండాలి. ఇదంతా ఒకటి రెండు సెకన్ల వ్యవహారం.

కానీ అంతదాకా రానివ్వకుండా ఉండడం మన చేతిలోనే ఉంది. రోడ్డు మీద నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో చదవడం నేర్చుకోండి. బరువు బండ్లు తిరిగి తిరిగి లేన్‌లో రెండు బారులుగా గుంటలు పడిన చోట, వాన వెలిశాక కూడా నీళ్ళుంటాయి. పల్లంలోకి దిగి మళ్ళీ ఎక్కే చోట అడుగున ఉంటాయి. వాలు డివైడర్ వైపు ఉంటే ఆ అంచున చేరతాయి. అన్నిటికంటే మోసం చేసేది మలుపు మొదలయ్యే చోటు. తిన్నటి దారిలో రోడ్డు వాలు ఒకవైపు, మలుపులో ఇంకోవైపు. ఆ వాలు మారే దగ్గర కొంత దూరం రోడ్డు అడ్డంగా సమంగా ఉంటుంది. నీళ్ళు ఎటు పోవాలో తెలియక అక్కడే పరుచుకుంటాయి. మీరు జారింది అలాంటి చోటే కావచ్చు. మలుపు బోర్డు కనబడగానే, స్టీరింగ్ తిప్పకముందే వేగం తగ్గించేయాలి. ముందు వెళ్ళే బండి టైర్ల జాడలో నీళ్ళు తక్కువగా ఉంటాయి, తగిన దూరం ఉంచి ఆ జాడలో నడపండి. ముందు బండి చక్రాల పక్కనుంచి నీళ్ళు ఒక్కసారిగా ఎత్తుగా లేచాయంటే అక్కడ నిలవ నీళ్ళున్నట్టు.

లారీని చూసి వేగం నిర్ణయించుకోకండి. లారీ టైర్లలో గాలి 100 పీఎస్‌ఐ వరకు ఉంటుంది, పైన చెప్పిన లెక్కలో వాటికి 166 వస్తుంది. బరువుతో ఉన్న లారీ నీళ్ళను కోసుకుంటూ పోతుంది, దాని వెనకే అదే వేగంతో కారు పోతే తేలిపోతుంది. ఖాళీ లారీ సంగతి వేరు, బరువు లేక దాని టైరు రోడ్డును తాకే చోటు కుదించుకుపోతుంది కాబట్టి అదీ జారుతుంది, దాని పక్కన ఎక్కువసేపు ఉండకండి.

వేగం ఎంత ఉండాలి అంటే ఒక్క అంకె చెప్పలేను. ఫ్రాన్స్‌లో పెద్ద మోటార్‌వేల మీద పరిమితి 130, వాన పడితే చట్టమే దాన్ని 110కి దించుతుంది. అది మంచి రోడ్లకు, మామూలు వానకు. నీళ్ళు మెరుస్తూ పరుచుకుని కనిపిస్తుంటే నేను 60 దాటను. వైపర్ ఫుల్ స్పీడులో తిరుగుతున్నా దారి కనబడకపోతే, రోడ్డు దిగి సురక్షితమైన చోట ఆగుతాను. రోడ్డు అంచున మాత్రం ఆగను, వెనకవాళ్ళకూ దారి కనబడదు కదా. బ్రేక్ దూరం చూస్తే ఎందుకంటున్నానో తెలుస్తుంది. 90 వేగంలో పొడి రోడ్డు మీద బ్రేక్ తొక్కాక బండి ఆగడానికి 40 మీటర్లకు పైన పడితే, తడి రోడ్డు మీద 80 దాకా పడుతుంది. మనం తేరుకుని కాలు బ్రేక్ మీద పెట్టేలోపే ఇంకో 35 మీటర్లు పోతాం. 60లో అయితే తడి రోడ్డు మీద కూడా బ్రేక్ దూరం 35 మీటర్ల దగ్గరే ఉంటుంది. బ్రిటన్ హైవే కోడ్ తడిలో ముందు బండికి దూరం కనీసం రెట్టింపు ఉంచమంటుంది. ముందు బండి ఒక స్తంభం దాటాక నెమ్మదిగా నాలుగు లెక్కపెట్టండి, అప్పటికి మీరు ఆ స్తంభం దగ్గరికి వస్తే సరిపోతుంది.

చాలాకాలం ఎండ కాశాక పడే మొదటి వాన, మొదటి పావుగంటా అరగంటా, ఎంత చిన్నదైనా జాగ్రత్త. దుమ్ము, ఆయిల్, అరిగిన రబ్బరు పొడి తడిసి రోడ్డు మీద సన్నటి జిగురు పొరలా అవుతాయి. దానికి లోతు నీళ్ళు అక్కర్లేదు, తక్కువ వేగంలోనే జారుతుంది. రోడ్డు మీద వేసిన తెల్ల గీతలు, ఇనుప మూతలు, నున్నటి కాంక్రీటు కూడా అలాంటివే. రెండు చక్రాల బండి నడిపేవాళ్ళు వీటికి మరీ భయపడాలి. వాళ్ళ టైరు గుండ్రంగా, సన్నగా ఉండి నీళ్ళను బాగానే చీలుస్తుంది, కానీ గీతల మీద వంగి ఉండగా ఒక్క అంగుళం జారినా పడిపోతారు.

వానలో క్రూజ్ కంట్రోల్ (పెడల్ మీద కాలు లేకుండానే వేగాన్ని ఒకేలా ఉంచే ఏర్పాటు) ఆపేయండి. కాలు పెడల్ మీద లేకపోతే తేడా తెలియడం ఆలస్యమవుతుంది, మనం కాలు తీయాలనుకున్నప్పుడు తీయడానికి అక్కడ కాలే ఉండదు. ఎలక్ట్రిక్ బండి అయితే కాలు తీయగానే మోటారు బండిని వెనక్కి పట్టినట్టు ఆపుతుంది, ఆ లాగుడు చక్రాల మీద బ్రేకులా పడుతుంది. వానలో దాన్ని తక్కువ స్థాయికి పెట్టుకోండి. లో బీమ్ లైట్లు వేసుకోండి. నడుస్తూ నాలుగు ఇండికేటర్లూ వేసి ఉంచే అలవాటు మానాలి, లేన్ మారేటప్పుడు మీరు ఎటు వెళ్తున్నారో వెనకవాళ్ళకు తెలియదు.

రోడ్డు మీదుగా పారే నీళ్ళది వేరే కథ. ఒక అడుగు లోతు ప్రవాహమే చాలా కార్లను తేల్చేస్తుంది. అడుగు కనిపించని నీళ్ళలోకి దిగకండి, వెనక్కి తిరగండి. తక్కువ నీళ్ళు దాటాక కాసేపు బ్రేక్ మీద తేలిగ్గా కాలు ఆనించి నడిపితే తడి ఆరుతుంది.

మీ భయం గురించి కూడా రాయాలి. మీకు జరిగినదాని తర్వాత చేతులు వణకడం మామూలే. అలా వణకనివాళ్ళ గురించే నాకు బెంగ. టైర్లు సరిచేయించాక ఒక్కరే, పిల్లలు లేకుండా, చిన్న వానలో, ట్రాఫిక్ లేని వేళ, 40 దాటకుండా తెలిసిన దారిలో ఓ అరగంట తిరగండి. ఖాళీ మైదానం దొరికితే తడి నేల మీద 30లో ఏబీఎస్ కొట్టుకునేదాకా బ్రేక్ తొక్కి చూడండి. ఆ టకటక ఏమిటో కాలికి తెలిస్తే మరోసారి అది విని కంగారుపడరు. రెండు మూడు వానలకు చెయ్యి కుదురుకుంటుంది. అప్పుడు ఇంట్లోవాళ్ళను ఎక్కించుకోండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది: గాలి స్టిక్కర్ అంకెకు తెచ్చి, ముందు వెనక సైజులు ఒకటేనా చూసి, ఒకటే అయితే కొత్తవి వెనక్కి మార్పించండి. మార్చేముందు పాత రెండిటి లోతు మూడు చోట్లా కొలిచి, తేదీ అంకెలు రాసుకోండి. 3 మిల్లీమీటర్ల కంటే తక్కువ వస్తే ముందుకు కూడా వేయించకండి, ఆ రెండూ మార్చేయాలి. ఆ అంకెలు నాకు పంపండి, మధ్య కంటే అంచులు ఎక్కువ అరిగి ఉంటే అలైన్‌మెంటా, గాలి తక్కువా అన్నది కూడా చూసి చెప్తాను.